8 ఫ్యాక్టోరియల్‌కు మైనస్ ఎందుకొచ్చింది?

గుంటూరు వైపు బీటెక్ మొదటి ఏడాది చదువుతున్న ఒక పాఠకురాలు పొడవాటి ఉత్తరం రాశారు. పేరు, కాలేజీ వేయొద్దన్నారు. ఆమె చెప్పిన సంగతులు కుదించి ఇస్తున్నాం.

ఇంటర్ దాకా తెలుగు మీడియం. నాన్నకు చిన్న కిరాణా కొట్టు. అప్పు చేసి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చారు: 4 జీబీ ర్యామ్, 64 బిట్ విండోస్ 10, సీ డ్రైవ్‌లో మిగిలింది 18 జీబీ. నెట్ అంటే ఫోన్‌లో రోజుకు వచ్చే ఒకటిన్నర జీబీ. కాలేజీలో సీ భాష ల్యాబ్ మొత్తం టర్బో సీ++ 3.0 అనే పాత సాధనంలోనే, ఆ నీలం తెర మీదే. రికార్డులో ఔట్‌పుట్ దానితో సరిపోవాలని ల్యాబ్ సార్ పట్టు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే పెదనాన్నగారి అబ్బాయి అది చూసి నవ్వాడు. "ఇంకా ఇదేంటి? విజువల్ స్టూడియో వేసుకో" అన్నాడు. వేసుకుంటే నాలుగు రోజుల డేటా పోయింది, డ్రైవ్ నిండింది, తీరా మొదటి ప్రోగ్రామ్‌లోనే స్కాన్‌ఎఫ్ (కీబోర్డు నుంచి విలువ చదివే ఆజ్ఞ) దగ్గర ఎర్రర్. తీసేశారు. రూమ్మేట్ సలహాతో వీఎస్ కోడ్ పెట్టుకుంటే, జీసీసీ అంటే ఏమిటో తనకు తెలియదని అది ఎర్ర అక్షరాల్లో చెప్పింది. ఇంతలో కాలేజీలో ఆన్‌లైన్ కోడింగ్ పరీక్ష వచ్చింది. ల్యాబ్‌లో పదిసార్లు చేసిన ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నిటినీ గుణించడం) ప్రోగ్రామే అడిగారు. అది కంపైలే కాలేదు. తర్వాత గమనిస్తే రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో 8 ఫ్యాక్టోరియల్ 40320 వచ్చింది, ల్యాబ్‌లో మైనస్ 25216 వచ్చింది. సార్‌ని అడిగితే "రికార్డులో 5 ఉంది కదా, 5 ఇచ్చి చూడు" అన్నారు.

ఆమె ప్రశ్నలు ఇవి: "ఉచితంగా దొరికేవాటిలో నాకు ఏది సరిపోతుంది? ఉచితం అంటే కొన్నాళ్లకు డబ్బులు అడుగుతారా? సార్ మాట కాదంటే ఇంటర్నల్ మార్కులు, వింటే ప్లేస్‌మెంట్, ఏదో ఒకటి పోయేలా ఉంది. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా వస్తుంటే తప్పు నాదేననిపిస్తోంది. నాకు బుర్ర లేదేమో."

జవాబు

ముందు ఆ మైనస్ సంగతి తేల్చేద్దాం. మీ దిగులంతా అక్కడే మొదలైంది.

టర్బో సీ++ 3.0 తొంభైల మొదట్లో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తయారైంది. అందులో ఇంట్ (పూర్ణసంఖ్యను దాచే డబ్బా) అంటే 16 బిట్లు, రెండు బైట్లు. మైనస్ 32768 నుంచి 32767 దాకానే పడుతుంది. 7 ఫ్యాక్టోరియల్ 5040, ఇబ్బంది లేదు. దాన్ని 8తో గుణిస్తే 40320, డబ్బాలో పట్టలేదు. పట్టనప్పుడు అక్కడ మిగిలేది 40320లోంచి 65536 తీసేసిన సంఖ్య. చేసి చూడండి, మైనస్ 25216. రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో ఉన్న కంపైలర్‌లో ఇంట్ 32 బిట్లు కాబట్టి 40320 హాయిగా ఇమిడింది. అయితే ఆ ల్యాప్‌టాప్ మాత్రం ఎప్పుడూ నిజమే చెబుతుందనుకోకండి. దానికి 13 ఇచ్చి చూడండి. 6227020800 రావాల్సిన చోట చాలావరకు 1932053504 వస్తుంది. మైనస్ కూడా ఉండదు కాబట్టి తప్పని అనుమానం కూడా రాదు. టర్బో 8 దగ్గర పట్టుబడింది, ఇది 13 దగ్గర పట్టుబడుతుంది, అంతే తేడా.

కాబట్టి బుర్ర మాట పక్కన పెట్టండి. ఒకే ప్రోగ్రామ్ రెండు చోట్ల రెండు రకాలుగా వచ్చిందని గమనించి, ఎందుకని అడిగారు మీరు. ఆ అడగడమే ఈ చదువులో సగం.

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు వస్తువులు ఒకే ముద్దగా కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీస్తే సగం గందరగోళం పోతుంది. కంపైలర్ అంటే మీరు రాసిన సీని మెషీన్ కోడ్‌గా మార్చేది: జీసీసీ, క్లాంగ్, మైక్రోసాఫ్ట్ వారి కంపైలర్, టర్బో లోపల ఉన్నది, ఇవన్నీ కంపైలర్లు. ఎడిటర్ అంటే మీరు టైప్ చేసే కాగితం. వీఎస్ కోడ్ ఎడిటర్ మాత్రమే, సీ కంపైలర్ దానితో రాదు. అందుకే మీకు ఆ ఎర్ర అక్షరాలు. అది పాడైపోలేదు, పొయ్యి లేని వంటింట్లో మీరు వంట మొదలుపెట్టారు, అంతే. ఇక ఐడీఈ అంటే రెండింటినీ ఒకే కిటికీలో కట్టి ఇచ్చేది. టర్బో నీలం తెర అదే, కోడ్ బ్లాక్స్ అదే, విజువల్ స్టూడియో అదే. ఇకమీదట ఎవరైనా "ఫలానాది వేసుకో" అంటే, అందులో కంపైలర్ ఉందా అని ముందు అడగండి.

ఉచితం అన్న మాటకు వద్దాం. ఇందులోనూ రకాలున్నాయి.

జీసీసీ రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టులోది, 1987లో మొదటిసారి విడుదలైంది. జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కింద వస్తుంది. గడువు ఉండదు, రిజిస్ట్రేషన్ ఉండదు, రేపు మీరు ఉద్యోగంలో వాడినా, మీ ప్రోగ్రామ్ అమ్ముకున్నా ఎవరూ రూపాయి అడగరు. జీసీసీతో కంపైల్ చేస్తే మన ప్రోగ్రామ్ కూడా జీపీఎల్ అయిపోతుందని కొందరు భయపెడతారు. అది నిజం కాదు, దాని రన్‌టైమ్ లైబ్రరీలకు ఆ మేరకు మినహాయింపు రాసిపెట్టి ఉంది. క్లాంగ్ కూడా ఇలాగే స్వేచ్ఛగా వాడుకోవచ్చు. మీ అన్నయ్య చెప్పిన విజువల్ స్టూడియోలో కమ్యూనిటీ ఎడిషన్ విద్యార్థులకు ఉచితం. కానీ దాని సోర్స్ మన చేతికి ఇవ్వరు, పెద్ద కంపెనీలు ఉచితంగా వాడుకోవడానికి వీల్లేని షరతులూ ఉన్నాయి. మీకు మాత్రం అది చట్టబద్ధంగా ఉచితమే.

తమాషా ఏమిటంటే, ఈ నాలుగింటిలో లైసెన్స్ గురించి అనుమానించాల్సింది అందరూ ఉచితం అనుకునే టర్బో 3.0నే. బోర్లాండ్ కంపెనీ తన పాత సాఫ్ట్‌వేర్ మ్యూజియంలో టర్బో సీ 2.01నీ, టర్బో సీ++ 1.01నీ ఉచితంగా పెట్టింది. 3.0 అందులో లేదు. డాస్‌బాక్స్‌తో (పాత డాస్ ప్రోగ్రామ్‌లను విండోస్‌లో నడిపేది) కలిపి నెట్‌లో దొరికే జిప్ ఫైళ్లు ఎవరో కట్టిన మూటలు. లైసెన్స్ మాట అటుంచి, ఆ మూటలో ఇంకేం కట్టారో మనకు తెలియదు. అందుకని ఇంట్లో 3.0 పెట్టుకోమని నేను చెప్పను. పెట్టుకోకపోయినా మీకు నష్టం లేదు, ఎందుకో కింద చెబుతాను.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, ల్యాబ్‌లో ఉన్నదే ఇంట్లోనూ వాడటం. రికార్డు, ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ సాఫీగా జరిగిపోతాయి. నష్టం మీకు ఇప్పటికే ఒకసారి తగిలింది. ఆన్‌లైన్ పరీక్షల్లో వెనక ఉండేది దాదాపు ఎప్పుడూ లినక్స్ మీద జీసీసీ. అక్కడ కోనియో డాట్ హెచ్ (తెర తుడవడం, కీ కోసం ఆగడం లాంటి పనులకు టర్బోలో చేర్చే ఫైలు) అసలు ఉండదు, అందుకే మీ ప్రోగ్రామ్ మొదటి లైన్ల దగ్గరే ఆగిపోయింది. పైగా టర్బోలో ఒక ఎరే (ఒకే రకం విలువల వరస) 64 కేబీ దాటకూడదు. ఇంట్ ఎరే 40000 పెట్టమంటే సైజు ఎక్కువైందని ఎర్రర్ ఇస్తుంది. ఆన్‌లైన్ పరీక్షల్లో లక్ష సంఖ్యల ఇన్‌పుట్ మామూలు విషయం. టర్బోని నమ్ముకుని ప్లేస్‌మెంట్‌కు వెళ్లడం కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే.

రెండోది, టర్బోని పూర్తిగా వదిలేసి ల్యాబ్‌లో కూడా వాదనకు దిగడం. మీ అన్నయ్యకు ఇది నచ్చవచ్చు. కానీ మార్కులు వేసేది ఆయన కాదు. సార్ మీద కోపంతో ల్యాబ్ పాడుచేసుకుంటే చెరువు మీద అలిగినట్టే అవుతుంది. ల్యాబ్ సార్ వైపు నుంచి కూడా ఒక్క నిమిషం ఆలోచించండి. అరవై మంది, పాత మెషీన్లు, ఏళ్ల కిందటి మాన్యువల్, ఎక్స్‌టర్నల్‌కు ఎవరొస్తారో తెలియదు. అలాంటప్పుడు అందరి తెర మీదా ఒకే ఔట్‌పుట్ ఉండాలని కోరడం మొండితనం కాదు. గ్రాఫిక్స్ డాట్ హెచ్ ప్రోగ్రామ్‌లు కూడా ల్యాబ్‌లో ఉంటే టర్బోని మార్చడం ఇంకా కష్టం. ఆ లైబ్రరీ బోర్లాండ్ సొంతం, జీసీసీతో రాదు.

మూడోది, ల్యాబ్‌లో టర్బో, ఇంట్లో జీసీసీ. రెండు చోట్లా నడిచేలా ప్రోగ్రామ్ రాయడం. మొదటి రెండు వారాలు కొంచెం విసుగు ఉంటుంది, చిన్న చిన్న అలవాట్లు మార్చుకోవాలి. నా మొగ్గు దీనివైపే. పైన మీరు పడ్డ అవస్థ ఇందులో చాలావరకు చదువుగా మారిపోతుంది. కానీ ఈ సెమిస్టర్ పరీక్షలు పది రోజుల్లో ఉంటే, ఆ పది రోజులూ మొదటి దారిలోనే ఉండండి, తర్వాత ఇటు రండి.

జీసీసీ విండోస్‌లోకి రావడానికి మూడు మార్గాలున్నాయి. మీ ల్యాప్‌టాప్‌కు, మీ డేటాకు నప్పేది కోడ్ బ్లాక్స్. 20.03 వెర్షన్ 150 ఎంబీ దాపు ఉంటుంది, మీ ఒకరోజు డేటాలో పదో వంతు. డౌన్‌లోడ్ పేజీలో చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. మొదట కనిపించే సెటప్ ఫైలులో కంపైలర్ ఉండదు. పేరులో మింగ్‌డబ్ల్యూ అన్న మాట ఉన్న సెటప్ ఫైలే తీసుకోవాలి. మింగ్‌డబ్ల్యూ అంటే విండోస్ కోసం తయారుచేసిన జీసీసీ కట్ట. తెలియక చిన్న ఫైలు దించుకుని, ఎర్రర్ వస్తే "కోడ్ బ్లాక్స్ కూడా పనిచేయలేదు" అని తీసేసేవాళ్లే ఎక్కువ.

ఇన్‌స్టాల్ అయ్యాక సెట్టింగ్స్‌లో కంపైలర్, అందులో టూల్‌చెయిన్ ఎగ్జిక్యూటబుల్స్ దగ్గరికెళ్లి ఆటో డిటెక్ట్ నొక్కండి. మింగ్‌డబ్ల్యూ ఫోల్డర్ దానంతటదే పడాలి. పడితే పని అయినట్టే. పక్కనే కంపైలర్ ఫ్లాగ్స్ ట్యాబ్‌లో మామూలు వార్నింగులన్నీ చూపించమనే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. ఇది మరిచిపోవద్దు, కారణం తర్వాత చెబుతాను. ప్రోగ్రామ్‌ల కోసం సీ డ్రైవ్‌లోనే చిన్న పేరుతో ఒక ఫోల్డర్ చేసుకోండి. డెస్క్‌టాప్ మీద, ఖాళీలున్న పేర్లతో, తెలుగు పేర్లతో పెడితే కొన్ని పనిముట్లు తడబడతాయి. ఫైలు పేరు చివర డాట్ సీ అని మీరే రాయండి, డాట్ సీపీపీ వద్దు. ఎఫ్9 నొక్కితే కంపైల్ అయి రన్ అవుతుంది. ఔట్‌పుట్ కిటికీ ఏదైనా కీ నొక్కేదాకా దానంతటదే ఆగి ఉంటుంది కాబట్టి చివర గెట్‌సీహెచ్ (కీ నొక్కేదాకా ఆపే ఆజ్ఞ) అక్కర్లేదు.

రెండో మార్గం, ఐడీఈ ఏమీ లేకుండా ఒక్క కంపైలర్ కట్ట మాత్రం. డబ్ల్యూ64 డెవ్‌కిట్ అని ఒకటుంది. విప్పి ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే చాలు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, వద్దనుకుంటే ఫోల్డర్ తీసేస్తే పోతుంది. వీఎస్ కోడ్ మీద ఇష్టం ఉంటే దీన్ని జోడించవచ్చు. ఆ ఫోల్డర్ లోపలి బిన్ ఫోల్డర్ చిరునామాను విండోస్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పాత్ అనే దానికి చేర్చాలి. చేర్చాక అప్పటికే తెరిచి ఉన్న వీఎస్ కోడ్‌ను మూసి మళ్లీ తెరవాలి, లేకపోతే పాత ఎర్రరే వస్తుంది. ఎక్కువమంది ఇక్కడే విసిగి మానేస్తారు. కోడ్ రన్నర్ అనే ఎక్స్‌టెన్షన్ వాడితే ఇంకో చిక్కు: ఔట్‌పుట్ ట్యాబ్‌లో స్కాన్‌ఎఫ్‌కు ఏమీ టైప్ చేయనివ్వదు. టెర్మినల్‌లో రన్ చేయమనే గడికి టిక్ పెట్టుకోవాలి.

మూడోది ఎంసిస్2. తాజా జీసీసీ, లైబ్రరీలు అన్నీ అందులో దొరుకుతాయి. కానీ మీ డ్రైవ్‌కు, డేటాకు ఇప్పుడు భారం. మూడో ఏడాదిలో ఆలోచించవచ్చు.

డెవ్ సీ++ గురించి యూట్యూబ్‌లో చూశానని ఉత్తరం చివర్లో రాశారు. అది కూడా చిన్నదే, ఉచితమే. కానీ ఏ వెర్షన్ అన్నది చూసుకోవాలి. 2015 నాటి 5.11 ఇప్పటికీ అక్కడక్కడా పంచుతున్నారు. అందులో ఉన్న జీసీసీ 4.9 మామూలుగా 1990 నాటి సీ ప్రమాణంతో (భాష నియమాల అధికారిక పత్రం) నడుస్తుంది. ఫర్ బ్రాకెట్‌లోనే ఇంట్ ఐ అని రాస్తే అది సీ99లోనే చెల్లుతుందని ఎర్రర్ కొడుతుంది. మీరు మళ్లీ తప్పు మీదే అనుకుంటారు. అందుకే దాని జోలికి పోవద్దంటున్నా.

విజువల్ స్టూడియోలో స్కాన్‌ఎఫ్ ఎర్రర్ ఎందుకొచ్చిందో కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్కాన్‌ఎఫ్ భద్రం కాదనీ, తమ స్కాన్‌ఎఫ్‌ఎస్ వాడమనీ మైక్రోసాఫ్ట్ కంపైలర్ అంటుంది. కొత్త ప్రాజెక్టుల్లో ఆ మాటను ఎర్రర్‌గా లెక్కపెడుతుంది. మీ కోడ్ తప్పు కాదు. సీ ప్రమాణంలో స్కాన్‌ఎఫ్ ఇప్పటికీ ఉంది. విండోస్ అప్లికేషన్లు, గేమ్‌ల వైపు వెళ్లేవారికి ఆ సాధనం బంగారమే. మీ అన్నయ్య తన పనిని బట్టి చెప్పారు. 4 జీబీ ర్యామ్‌లో మొదటి సెమిస్టర్ సీ కోసం మాత్రం అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఇక అసలు పని: రెండు చోట్లా నడిచే ప్రోగ్రామ్ రాయడం.

వాయిడ్ మెయిన్ మానేసి ఇంట్ మెయిన్ రాయండి, బ్రాకెట్‌లో వాయిడ్, చివర రిటర్న్ 0. టర్బో దీన్ని నిక్షేపంగా ఒప్పుకుంటుంది, సార్ కూడా కాదనకపోవచ్చు. వాయిడ్ మెయిన్‌ను జీసీసీ సీలో వార్నింగ్‌తో పోనిస్తుంది కానీ అసలు దెబ్బ వేరే చోట. ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు సిస్టమ్‌కు ఒక సంఖ్య చేరుతుంది, 0 అయితే క్షేమం అని అర్థం. వాయిడ్ మెయిన్‌లో ఆ సంఖ్య ఏదో ఒకటి అవుతుంది. ఔట్‌పుట్ సరిగ్గానే వచ్చినా ఆన్‌లైన్ పరీక్ష "రన్‌టైమ్ ఎర్రర్" అని రాయవచ్చు.

వేరియబుల్స్ అన్నీ ఫంక్షన్ మొదట్లోనే చెప్పండి, మధ్యలో వద్దు. టర్బోకి డాట్ సీ ఫైలులో అదే కావాలి, జీసీసీకి రెండూ ఒకటే. అన్నట్టు, టర్బో కొత్త ఫైలుకు తానే డాట్ సీపీపీ అని పేరు పెడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే మీ సీ ప్రోగ్రామ్ సీ++గా కంపైల్ అవుతుంది, నియమాలు మారిపోతాయి. సేవ్ చేసేటప్పుడే డాట్ సీ చేయండి. పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు, అది డాస్ పద్ధతి.

ఫ్యాక్టోరియల్‌కు లాంగ్ వాడండి, ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్ ఎల్ డీ. టర్బోలో లాంగ్ 32 బిట్లు, 12 ఫ్యాక్టోరియల్ 479001600 దాకా రెండు చోట్లా సరిగ్గా వస్తుంది. అంతకుమించి కావాలంటే లాంగ్ లాంగ్, అది టర్బోలో లేదు. లాంగ్ విషయంలో మరో మెలిక: 64 బిట్ విండోస్‌లో జీసీసీ లాంగ్ 4 బైట్లు, 64 బిట్ లినక్స్‌లో అదే జీసీసీ లాంగ్ 8 బైట్లు. పరీక్ష లినక్స్ మీద జరుగుతుంది కాబట్టి అక్కడ పెద్ద సంఖ్యలకు లాంగ్ లాంగ్ రాయడమే నిశ్చింత.

తెర తుడిచే సీఎల్ఆర్‌ఎస్‌సీఆర్ మింగ్‌డబ్ల్యూలో లేదు. గెట్‌సీహెచ్ ఉంది కానీ లినక్స్‌కు వెళ్తే అదీ లేదు. ల్యాబ్‌లో ఇవి ఉండి తీరాలంటే ఒక ఉపాయం ఉంది. టర్బో తాను టర్బోనని చెప్పుకోవడానికి ఒక గుర్తు ముందే పెట్టుకుని ఉంటుంది: రెండు అండర్‌స్కోర్లు, పెద్దక్షరాల్లో టర్బోసీ, మళ్లీ రెండు అండర్‌స్కోర్లు. హ్యాష్ ఇఫ్‌డెఫ్ తర్వాత ఆ గుర్తు రాసి, కింద కోనియో చేర్చే లైను, దాని కింద హ్యాష్ ఎండిఫ్. సీఎల్ఆర్‌ఎస్‌సీఆర్ పిలిచే చోటా, గెట్‌సీహెచ్ చోటా ఇలాగే చుట్టండి. టర్బోలో ఆ లైన్లు పనిచేస్తాయి, మిగతా చోట్ల అసలు లేనట్టే పోతాయి. సార్ చూసి ఇదేమిటని అడిగితే, వైవాలో మీకు అదే మంచి ప్రశ్న.

క్యారెక్టర్ చదివేటప్పుడు ముందటి ఎంటర్ కీ అడ్డుపడుతుందని ఎఫ్‌ఫ్లష్ ఎస్‌టీడీఇన్ అని రాయిస్తున్నారు. ఇన్‌పుట్ మీద అది ఏం చేయాలో సీ ప్రమాణం చెప్పలేదు. ఒక చోట పనిచేసి మరో చోట చేయదు. దాని బదులు స్కాన్‌ఎఫ్ కొటేషన్‌లో పర్సెంట్ సీకి ముందు ఒక ఖాళీ వదలండి. అన్ని చోట్లా పనిచేస్తుంది. లైను మొత్తం చదివే గెట్స్ కూడా వద్దు, 2011 ప్రమాణంలోనే దాన్ని తీసేశారు. ఎఫ్‌గెట్స్ నేర్చుకోండి.

ఇప్పుడు ఆ వార్నింగుల గడి సంగతి. కోడ్ బ్లాక్స్ 20.03లో వచ్చే జీసీసీ 8.1. హెడర్ చేర్చకుండా ఫంక్షన్ పిలిస్తే అది వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. 2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి అది ఎర్రర్. అంటే ఇంట్లో నడిచింది పరీక్షలో ఆగిపోవచ్చు. పసుపు లైనును ఎర్ర లైనుగా చూడటం అలవాటు చేసుకుంటే ఆ తేడా మీకు తగలదు. జీసీసీ 15 అయితే మామూలుగా 2023 ప్రమాణంతో నడుస్తుంది, అందులో బూల్, ట్రూ, ఫాల్స్ భాషలోని సొంత మాటలైపోయాయి. పాత మాన్యువల్ ప్రోగ్రామ్‌లో వాటిని మనమే తయారుచేసుకుని ఉంటే కంపైల్ కాకపోవచ్చు. అప్పుడు డాష్ ఎస్‌టీడీ ఈక్వల్స్ సీ11 అని ప్రమాణం పేరు చెబితే చాలు.

ఆన్‌లైన్ పరీక్షలో ప్రోగ్రామ్ కంపైల్ అయినా సున్నా రావడానికి ఇంకో కారణం ఉంటుంది. "సంఖ్య ఎంటర్ చేయండి" అని ఇంగ్లిష్‌లో ఒక ప్రింట్‌ఎఫ్ ల్యాబ్ ప్రోగ్రామ్‌లలో తప్పనిసరి. పరీక్షలో ఆ వాక్యం కూడా మీ జవాబులో భాగమే అవుతుంది. 40320 అని ఉండాల్సిన చోట పెద్ద వాక్యం, దాని వెనక 40320 ఉంటే తప్పని కొట్టేస్తుంది. అడిగిన సంఖ్య తప్ప ఒక్క అక్షరం కూడా ముద్రించవద్దు.

మీరు రాసిన ఆ ఐ++, ++ఐ ప్రశ్న: ఒకే ప్రింట్‌ఎఫ్‌లో ఐ, ఐ++, ++ఐ మూడూ పెట్టి ఔట్‌పుట్ అడిగితే బోర్డు మీద ఒకటి, రూమ్మేట్ దగ్గర మరొకటి, ఫోన్ యాప్‌లో ఇంకొకటి వచ్చాయి. మూడింటిలో ఏది సరి అంటే, ఏదీ కాదు. ఒకే వాక్యంలో ఒకే వేరియబుల్‌ను వరస లేకుండా రెండుసార్లు మార్చితే ఏం జరగాలో సీ ప్రమాణం నిర్ణయించలేదు. ఏ కంపైలర్ ఏది చెప్పినా దాన్ని తప్పుపట్టలేం. వార్నింగులు ఆన్‌లో ఉంటే జీసీసీ దీన్ని పట్టుకుని చెబుతుంది. వైవాలో ఎదురుగా ఉన్నవారు ఒక జవాబు ఆశిస్తుంటే, "టర్బోలో ఇది వస్తుంది సార్, ఇతర కంపైలర్లలో మారవచ్చు" అనండి. ఇంట్ ఎన్ని బైట్లన్న ప్రశ్నకూ అంతే: "ఈ కంపైలర్‌లో 2, ప్రమాణం ప్రకారం కనీసం 16 బిట్లు." అబద్ధం ఆడినట్టూ ఉండదు, ఎదిరించినట్టూ ఉండదు.

సార్‌తో మాట్లాడాలనిపిస్తే ల్యాబ్ మధ్యలో, అందరి ముందూ వద్దు. రికార్డు దిద్దించుకున్న రోజు, "ల్యాబ్‌లో టర్బోలోనే చేస్తాను సార్, ఇంట్లో కోడ్ బ్లాక్స్‌లో ప్రాక్టీస్ చేసుకుంటాను, ఇంట్ మెయిన్ రాస్తే పర్వాలేదా?" అని అడగండి. ఒప్పుకుంటే రెండు చోట్లా ఒకే ప్రోగ్రామ్. వద్దంటే ల్యాబ్‌లో ఆ రెండు లైన్లు మార్చి రాయండి, ఆ ఒక్క సెమిస్టర్‌కు అది పెద్ద భారం కాదు.

ల్యాబ్‌లో ఒక్క జాగ్రత్త. టర్బోలో రన్ చేయడానికి కంట్రోల్ ఎఫ్9. అదే కంట్రోల్ ఎఫ్9 మామూలు డాస్‌బాక్స్‌కు "మూసేయ్" అన్న ఆజ్ఞ. కొన్ని మెషీన్లలో దాన్ని మార్చి పెడతారు, కొన్నిట్లో పెట్టరు. సేవ్ చేయకుండా నొక్కితే ప్రోగ్రామ్ మొత్తం గాలికి పోతుంది. ముందు ఎఫ్2తో సేవ్ చేసి, ఆల్ట్ ఆర్‌తో మెనూ తెరిచి ఎంటర్ నొక్కండి. ఔట్‌పుట్ చూడాలంటే ఆల్ట్ ఎఫ్5. మౌస్ ఆ కిటికీలో ఇరుక్కుంటే కంట్రోల్ ఎఫ్10.

ఇంట్లో జీసీసీతో మొదటి వారంలో వచ్చే ఎర్రర్లు మూడే మూడు. విన్‌మెయిన్ దొరకలేదంటే ఫైలు సేవ్ చేయలేదు, లేదా మెయిన్ స్పెల్లింగ్ తప్పు. పర్మిషన్ డినైడ్ అంటే పాత ఔట్‌పుట్ కిటికీ ఇంకా తెరిచే ఉంది, మూసేసి మళ్లీ కంపైల్ చేయండి. కంపైల్ అయిన ఈఎక్స్ఈ ఫైలే మాయమైతే యాంటీవైరస్ పట్టుకెళ్లి ఉంటుంది, మీ ప్రోగ్రామ్‌ల ఫోల్డర్ ఒక్కదానికి మినహాయింపు ఇవ్వండి, యాంటీవైరస్‌ను పూర్తిగా ఆపేయవద్దు.

చివరగా, ల్యాప్‌టాప్ మొరాయించిన రోజు ఫోన్‌తో నెట్టుకురావచ్చా అని అడిగారు. వచ్చు. ఎఫ్‌డ్రాయిడ్ అనే ఉచిత యాప్‌ల స్టోర్ నుంచి టెర్మక్స్ అనే యాప్ పెట్టుకుని, పీకేజీ ఇన్‌స్టాల్ క్లాంగ్ అని కొడితే అసలైన కంపైలరే ఫోన్‌లోకి వస్తుంది. అక్కడ జీసీసీ అని టైప్ చేసినా నడిచేది క్లాంగే. ఎర్రర్ ఎక్కడుందో వేలుపెట్టి చూపించడంలో అది దిట్ట. అది లినక్స్ వాతావరణం కాబట్టి కోనియో అక్కడా లేదు. అంటే ఫోన్‌లో నడిచిన ప్రోగ్రామ్ పరీక్షలోనూ కంపైల్ అయ్యే అవకాశమే ఎక్కువ. ఇరవై లైన్లు దాటితే మాత్రం ఆ చిన్న కీబోర్డు మీద సెమికోలన్లు వెతుక్కోవడం నరకం. పది లైన్ల ఫ్యాక్టోరియల్‌కు పర్వాలేదు. ఈ రాత్రికే అక్కడ 8, 12, 13 మూడూ ఇచ్చి చూడండి, ముందు ఇంట్‌తో, తర్వాత లాంగ్ లాంగ్‌తో.